వెనక్కి నడిచిన మెలిసెంట్

మంగళవారం, శుక్రవారం ఉదయం తొమ్మిది కొట్టేసరికి హన్నా స్టోబర్ట్ గని కార్మికుల క్లబ్బుకి వెనక గుమ్మంలోంచి వచ్చేది. ముందు గుమ్మంలోంచి ఆడవాళ్ళు రాకూడదని రూలు. శనివారం సాయంత్రం పాటలకి మాత్రం మొగుడి పక్కన నడుస్తూ రావచ్చు. హన్నా పక్కన మొగుడు లేక పదిహేనేళ్ళయింది. అందుకని ఆమెది ఎప్పుడూ వెనక గుమ్మమే.

వచ్చి కోటు మేకుకి తగిలించి, ఏప్రన్ కట్టుకుని, లక్క సీసా, స్పిరిట్ సీసా, దూది, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు గుడ్డలు బయటికి తీసేది. బల్ల మీద పెట్టేముందు గది ఎటు ఒరిగి ఉందో చూసుకునేది. ఎటు ఒరిగితే అటు అంచుకి సీసాలు ఆనించాలి. లేకపోతే జారిపోయి పగులుతాయి. అందుకే ఆ క్లబ్బులో బల్లలన్నిటికీ చుట్టూ అంగుళం ఎత్తు చెక్క కొట్టి ఉంచారు. బీరు గ్లాసులు కాసుకోవడానికి అలవాటు పడ్డ మగాళ్ళు, ఇంట్లో కూడా గ్లాసు చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని తాగేవారు.

ఆ గది ఒకప్పుడు మెలిసెంట్ అనే పెద్ద ఓడలో మొదటి తరగతి లాంజ్. వాల్‌నట్ పలకల గోడలు, రంగుటద్దాల కిటికీలు, పైన గాజు గుమ్మటం, బొగ్గు లేకుండానే ఎర్రగా వెలిగే దొంగ నిప్పుగూడు. పంతొమ్మిది వందల పదకొండులో టైన్ నది ఒడ్డున, ఇదే స్టెయిత్‌ఫోర్డ్ ఊళ్ళో ఆ ఓడని కట్టారు. ఇరవై మూడేళ్ళు లివర్‌పూల్‌కీ న్యూయార్క్‌కీ మధ్య తిరిగి, ఇదే ఊరికి వచ్చి ముక్కలైంది. కట్టిన మనుషుల చేతే విరగ్గొట్టించారు. ఊళ్ళో ఇంకో పని లేదు మరి. కట్టిన నాడు ఆ లాంజ్‌లో కూర్చోనిచ్చిన వాడు లేడు. విరగ్గొట్టే నాడు మాత్రం రండి బాబూ రండి, ఎక్కడైనా ఎక్కండి అన్నారు.

ఆ పలకలకి మొట్టమొదటి పాలిష్ పెట్టింది కూడా హన్నాయే. అప్పుడామెకి పదిహేడేళ్ళు. పాలిష్ పనంతా ఆడపిల్లలదే. దూదిని గుడ్డలో చుట్టి, లక్కలో తడిపి, ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ తిప్పుతూ చెక్కలో మొహం కనపడేదాకా రుద్దాలి. అద్దంలా అయ్యాక పిల్లల్ని దింపేసి, నేల మీద ఎర్ర తివాచీ పరిచేశారు. తివాచీ మీద హన్నా ఒక్క అడుగు కూడా వెయ్యలేదు.

ఓడ విరిగాక సామాను వేలం వేశారు. దీపాల గుత్తులు హోటల్ వాళ్ళు, స్నానాల తొట్లు ఎవరో జమీందారు పట్టుకుపోయారు. లాంజ్ మిగిలిపోతే క్లబ్బు వాళ్ళు తెచ్చుకున్నారు. బిగించే పని వడ్రంగి రాల్ఫ్ డాడ్స్‌కి ఇచ్చారు. రాల్ఫ్ మంచి పనివాడు. కానీ జన్మలో గని ఇళ్ళకి తలుపులు కొట్టాడే తప్ప ఓడ ఎక్కలేదు. పలకల వెనక నీలం సుద్దతో కొన్నిటికి ఎడమ, కొన్నిటికి కుడి అని గుర్తులున్నాయి. గుమ్మంలోంచి లోపలికి వస్తే ఏది ఎడమ చేతి పక్కో అదే ఎడమ అనుకుని కొట్టేశాడు.

పని పూర్తయిన రోజునే గది కదలడం మొదలుపెట్టింది. ఓడల్లో నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన నెడ్ ముసలాడు వచ్చి, రెండు నిమిషాలు నిలబడి, వెనక్కి తూలి, గోడ పట్టుకుని అన్నాడు.

"ఒరేయ్ రాల్ఫూ, ఓడలో ఎడమంటే ఓడ ముక్కు వైపు తిరిగినవాడి ఎడమరా. నీ గుమ్మంలోంచి బీరుకి పరిగెత్తుకొచ్చేవాడి ఎడమ కాదు. అటుది ఇటూ ఇటుది అటూ కొట్టావు. పాపం దానికి ముందేదో వెనకేదో ఎలా తెలుస్తుంది? చూడు, వెనక్కి పోతోంది."

వెనక్కే పోయింది. ఊళ్ళో ఒక పగలు గడిస్తే గది తన పాత ప్రయాణాల్లో ఒక వారం వెనక్కి నడిచేది, రాత్రిళ్ళు ఉన్నచోటే ఊగేది. ఆ సంగతి భోజనాల కార్డుల వల్ల తెలిసింది. రోజూ బల్లల కింద ఏదో ఒక కార్డు దొరికేది, తారీకు అచ్చేసి ఉండేది. 1934 అక్టోబరు, బాతు వేపుడు. 1933 జూన్, తాబేలు సూపు. గనివాళ్ళు వాటిని పైకి చదివి, తమ రొట్టె, బఠాణీ ముద్ద వైపు చూసుకుని నవ్వుకునేవారు. ఓడ మీంచి సముద్రంలో పడ్డ వస్తువులన్నీ, ఆ రోజు దాటేటప్పుడు ఒక్కొక్కటీ తడిగా గదిలోకి తిరిగొచ్చేవి. ఒక చేతి తొడుగు. ఒక పళ్ళ సెట్టు. వయొలిన్ పెట్టె. సెక్రటరీ పెర్సీ లామ్ వాటిని అరలో వరసగా పెట్టి చీటీలు అంటించేవాడు. చిరాకల్లా తివాచీ ఆరకపోవడం గురించే.

వేసవిలో ఒక కుక్క వచ్చింది. చదును ముక్కు, పట్టులాంటి బొచ్చు. తివాచీ మధ్యలో నిలబడి ఒళ్ళు దులుపుకుని నెడ్ మీద నీళ్ళు చల్లింది. మెడపట్టీ మీద పేరు, పుట్టిన సంవత్సరం చెక్కి ఉన్నాయి. లెక్క ప్రకారం ముసలిదై చావాల్సిన కుక్క. చూస్తే మూడేళ్ళదానిలా గంతులేస్తోంది. మాంసం కొట్టువాడు పెంచుకున్నాడు.

హన్నా నిద్ర ఆ కుక్కతోనే పోయింది.

ఆమె మొగుడు మ్యాథ్యూ మెలిసెంట్‌లో బొగ్గు మోసేవాడు. ఊరంతా మ్యాటీ అనేవారు. 1922 నవంబరులో ఓడ లివర్‌పూల్ చేరింది, మ్యాటీ చేరలేదు. కంపెనీ వాళ్ళు రెండు వాక్యాల ఉత్తరం రాశారు. మీ భర్త న్యూయార్క్ రేవులో ఓడ వదిలి పారిపోయాడు. ఇందుమూలంగా మాకూ అతనికీ సంబంధం లేదు. అంతే. మనిషి పడిపోయాడంటే విచారణ జరపాలి, పారిపోయాడంటే అక్కర్లేదు. కలమున్నవాడికి ఏది సులువైతే అదే నిజం. ఊళ్ళో నాలుకలు మాత్రం ఊరుకుంటాయా? న్యూయార్క్‌లో ఎవరో పళ్ళమ్ముకునే ఆవిడతో ఉన్నాడని ఒకరు, పిల్లలు కూడానట అని ఇంకొకరు.

కుక్క రాకముందే, ఆ వసంతంలో రాల్ఫ్ పెళ్ళి మాట ఎత్తాడు. అతని భార్య క్షయతో పోయి ఎనిమిదేళ్ళయింది. ముందు నుంచి సావాసం ఉన్నవాళ్ళే, ఒకే గదిలో ఒకరు చెక్క సరిచేస్తుంటే ఒకరు మెరుగు పెడుతూ.

"నేనెవర్ని రాల్ఫ్? నువ్వే చెప్పు," అంది హన్నా. "మొగుడు పోయినదాన్నా, మొగుడు వదిలేసినదాన్నా? పోయుంటే నేను ఏడవాలి. వదిలేసుంటే తిట్టాలి. పదిహేనేళ్ళుగా రెండూ సగం సగం చేస్తున్నాను. ఏ మనిషిని నీ ఇంటికి రమ్మంటావు?"

"ఏడేళ్ళు దాటితే చాలని చట్టం ఉంది కదా."

"చట్టానికి రాత్రి నిద్ర పడుతుంది. నాకు పట్టొద్దూ?"

రాల్ఫ్ ఉలి తుడుచుకుని మాట మార్చాడు.

అక్టోబరు చివర్లో క్లబ్బు కమిటీ కూర్చుంది. బాజా పోటీకి వచ్చిన పక్కూరి వాళ్ళు పదకొండు మంది వాంతులు చేసుకున్నారు. ఒకడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పలకల్ని విప్పి సరైన వైపు కొట్టాలని తీర్మానం చేశారు. సోమవారం పని మొదలుపెట్టాలి. ఆ గురువారం బల్ల కింద దొరికిన కార్డు మీద 1922 డిసెంబరు ఇరవై అని ఉంది.

హన్నా వేళ్ళ మీద లెక్క పెట్టింది. మ్యాటీ ఓడ నవంబరు పదకొండున న్యూయార్క్‌లో బయల్దేరింది, పదిహేడున లివర్‌పూల్ చేరింది. గది ఆ వారాన్ని దాటేది మంగళవారం. సోమవారం పలకలు తిప్పేస్తే దాటదు. ఒక్క రోజు తేడాతో ఎప్పటికీ తెలియకుండా పోతుంది.

కమిటీకి చెప్పుకుందామని వెళ్ళి, తలుపు దగ్గర ఆగిపోయింది. ఏమని అడగాలి? ఆపండి అంటే ఏం కోరుతున్నట్టు? మ్యాటీ రావాలనా? వస్తే ఆ కుక్కలాగే వస్తాడు, ఇరవయ్యేడేళ్ళ వాడు. తనకి నలభై మూడు. రాకూడదనా? రాకపోతే పారిపోయినట్టే. పదిహేనేళ్ళు ఊరితో పోట్లాడింది ఎందుకు? తలుపు తట్టకుండా ఇంటికి వచ్చి, టీ పెట్టుకుని, తాగడం మరచిపోయి, ఇంకో టీ పెట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం మాంసం కొట్టు దగ్గర పెర్సీ లామ్ ఎదురై గొణిగాడు. "మీ రాల్ఫ్ ఇవాళ పని మొదలెట్టలేదమ్మా. మరలు తుప్పుపట్టి ఊడట్లేదట. నూనె పోసి బుధవారం దాకా నాననివ్వాలట."

హన్నా తిన్నగా రాల్ఫ్ పనిశాలకి వెళ్ళింది.

"ఆ మరలు ఇత్తడివి."

"అవును."

"ఇత్తడికి తుప్పేమిటి?"

"ఈ ఊరి గాలికి ఇత్తడికి కూడా పడుతుంది." రాల్ఫ్ చెక్క మీంచి తల ఎత్తలేదు.

"నిన్నెవరు ఆపమన్నారు? నేనడిగానా?" హన్నాకి ఎందుకో ఒళ్ళు మండింది. "రేపు వాడొచ్చి నిలబడితే ఏం చేస్తావయ్యా నువ్వు?"

"పొడి బట్టలు ఇస్తాను. నా లాగు వాడికి కాస్త పొట్టవుతుంది. పర్వాలేదు."

ఆమెకి తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది. మళ్ళీ రెండూ సగం సగమే అయ్యాయి.

మంగళవారం తొమ్మిదింటికి బల్ల కింద కార్డు నవంబరు పదిహేడు అని చెప్పింది. లివర్‌పూల్ చేరే రోజు ఫలహారం. పొద్దున్న ఆటకి వచ్చిన నెడ్, ఇంకో ఇద్దరు ముసలాళ్ళు హన్నాని చూసి, టోపీలు తీసి, డొమినోల డబ్బా పట్టుకుని పక్క గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు దగ్గరగా వేసుకున్నారు.

చేతులు ఊరుకోక హన్నా పాలిష్ మొదలుపెట్టింది. చెమ్మగా ఉన్న రోజు లక్క పట్టకూడదు, చెక్క మీద తెల్లగా బూజులా తేలుతుంది. పనిలో చేరిన మొదటి వారం పిల్లకి కూడా ఆ సంగతి తెలుసు. తెలిసే రుద్దింది. రుద్దిన చోటల్లా తెల్లబడింది. తెల్లబడ్డదాని మీదే మళ్ళీ రుద్దింది.

పదకొండింటికి నవంబరు పదిహేను. గది పెద్ద పెద్దగా లేస్తూ పడుతోంది. ఒంటి గంటకి పద్నాలుగు. కిటికీ కింద నీళ్ళు చేరాయి. హన్నా దూది జారవిడిచి అటు పరిగెత్తింది. నీళ్ళతో వచ్చింది ఒక చెక్క కుర్చీ. రెండున్నరకి పదమూడు. ఒక టోపీ, సిల్కుది, మ్యాటీలాంటి వాడి తల మీద ఏనాడూ ఉండనిది.

మూడున్నరకి కార్డు పన్నెండు అంది. ఇంకో గంటలో గది న్యూయార్క్ రేవులో ఆగుతుంది. హన్నా కుర్చీలో కూలబడింది. అయితే పళ్ళమ్ముకునే ఆవిడే నిజమన్నమాట. విచిత్రం, గుండె తేలికపడ్డట్టు ఉంది. ఆ తేలిక చూసి ఆమెకే సిగ్గేసింది. సిగ్గు పడుతుండగానే కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకునేలోగా గది ఒక్కసారిగా పక్కకి ఒరిగింది, రంగుటద్దాల కిటికీ భళ్ళున తెరుచుకుంది. ఆ కిటికీ వెనక ఇటుక గోడ తప్ప ఏమీ లేదు. నడుం లోతు పచ్చటి నీళ్ళు దూకి, తివాచీ మీద పరుచుకుని, సగం వెనక్కి పోయాయి.

తివాచీ మీద ఒక మనిషి మోకాళ్ళ మీద వంగి దగ్గుతున్నాడు. బొగ్గు నలుపు మొహం మీంచి చారలు చారలుగా కారుతోంది. తల ఎత్తి ముందు తివాచీని చూశాడు, తర్వాత హన్నాని. హడలిపోయి, తన బూట్ల కింద ఎర్రదనం నల్లబడకుండా మునివేళ్ళ మీద నిలబడ్డాడు.

"అమ్మా, పట్టివ్వకండమ్మా. ఇప్పుడే కిందికి పోతాను. దేన్నీ ముట్టుకోలేదు."

హన్నా కుర్చీలోంచి లేచింది.

"చూసి పోదామని పైకెక్కాను, అంతే. కిటికీ బయటి నుంచే. మమ్మల్ని పైకి రానివ్వరు కదా. ఇక్కడి చెక్కలు మా ఆవిడ పాలిష్ చేసిందమ్మా. మొహం చూసుకోవచ్చు అంటుంది. ఎప్పుడూ అదే మాట. ఒక్కసారి చూసి వచ్చి చెబితే సంతోషిస్తుందని. ఇంతలో ఏదో కెరటం..." ఆగాడు. గది చుట్టూ చూశాడు. బీరు పీపాలు, గోడ మీద బాణాల పలక. "ఇదేం చోటమ్మా?"

"కూర్చో," అంది హన్నా.

"తడిసిపోతుంది కుర్చీ."

"తడవనీ. కూర్చో మ్యాటీ."

పేరు వినగానే ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. "మీరు మా అత్తగారి చుట్టాలా? పోలిక ఉంది."

ఆమె చెప్పింది. ఊరి పేరు, సంవత్సరం, ఓడ విరిగిన సంగతి. తను ఎవరో చివర్లో చెప్పింది. అతను నవ్వబోయి, మానేసి, ఆమె చెంప దగ్గరికి చెయ్యి తెచ్చి, తాకకుండానే దించేశాడు.

"మూడు వారాలే అయింది నేను వెళ్ళి," అన్నాడు. "స్టేషన్‌లో దాని జుట్టుకి ఆకుపచ్చ రిబ్బను ఉంది."

"ఉండే ఉంటుంది. నాకు గుర్తు లేదు."

అతను మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. హన్నా అతని వీపు మీద చెయ్యి వేసింది. పదిహేనేళ్ళుగా ఈ వీపు కోసం ఎదురుచూసింది. తీరా చెయ్యి వేస్తే, జ్వరం వచ్చిన పిల్లాడిని నిమిరినట్టు ఉంది. పారిపోలేదు వీడు. నా పని చూడ్డానికి ఎక్కి పడిపోయాడు. అది సంతోషమా, దుఃఖమా అని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. అడిగేవాళ్ళు లేరు. కాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుని, రాల్ఫ్ చెయ్యి మడతపెట్టిన లాగు, చొక్కా నేల మీద పెట్టి మళ్ళీ తలుపు మూసింది.

బుధవారం రాల్ఫ్ పలకలు విప్పి సరైన వైపు బిగించాడు. బరువైన పలకలకి రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి. మ్యాటీ పట్టుకున్నాడు. ఇద్దరూ పనికి సంబంధించిన మాటలే మాట్లాడుకున్నారు. అప్పటి నుంచి గది ముందుకి నడుస్తోంది, గదిలో వస్తువులు పోతున్నాయి. మొదట పెర్సీ లామ్ గొడుగు పోయింది.

మ్యాటీని ఇంటికి రమ్మంది హన్నా. ఒక వారం ఉన్నాడు. ఆమె వండిన కూర తిని చాలా బావుందండీ అనేవాడు. నోరు జారి అండీ అన్నందుకు ఇద్దరూ తలలు దించుకునేవారు. అతను ముందు గదిలో బల్ల మీద పడుకునేవాడు. ఎనిమిదో రోజు నెడ్ ముసలాడి ఇంట్లో అద్దెకి దిగాడు. ఎవరూ ఎందుకని అడగలేదు.

డిసెంబరులో ఒకనాడు హన్నా నెడ్ ఇంటికి రొట్టెలు పట్టుకెళ్ళింది. మ్యాటీ గుమ్మంలో బూట్లు తుడుచుకుంటున్నాడు. కోటు చేతికి నల్ల పట్టీ కట్టుకుని ఉన్నాడు.

"ఎవరు పోయారు?" అందామె, నెడ్ చుట్టాలెవరో అనుకుని.

మ్యాటీ బూటు కింద పెట్టాడు. "మా ఆవిడ," అన్నాడు. వెంటనే తడబడ్డాడు. "మిమ్మల్ని అన్నట్టు కాదు. మీరు బావున్నారు. అది... ఎలా చెప్పాలో తెలియదు హన్నా. ఏడవడానికి ఏదో ఒకటి కట్టుకోవాలి కదా మనిషి."

హన్నా రొట్టెల బుట్ట అతని చేతికిచ్చి, ఇంటికి నడిచింది. పెట్టె అడుగు నుంచి తల్లి చావుకి కట్టుకున్న నల్ల గుడ్డ తీసి చేతికి చుట్టుకుంది. తలుపు గొళ్ళెం పెట్టుకుని, ఇరవయ్యేడేళ్ళ మ్యాటీ కోసం, పూర్తిగా, సగం కూడా మిగల్చకుండా ఏడ్చింది. చీకటి పడేలోగా లేచి మొహం కడుక్కుంది. రాల్ఫ్ పనిశాలలో దీపం ఇంకా ఉంది. వెళ్ళి గుమ్మంలో నిలబడి, "వస్తాను. కానీ మీ గోడకి ఆ ఆకుపచ్చ రంగు నాకు నచ్చదు," అంది.

"రేపే గీకేస్తాను," అన్నాడు రాల్ఫ్, చేతిలో ఉన్న చిత్రిక కింద పెట్టడం మరచిపోయి.

ఫిబ్రవరిలో రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళారు, జిల్లా టౌనులో. సాక్షులుగా నెడ్, మ్యాటీ. గుమాస్తా స్టెయిత్‌ఫోర్డ్ వాడు కాదు. కంపెనీ ఉత్తరం చదివి కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"భర్త చనిపోయాడని రాయించారు. ఇందులో పారిపోయాడని ఉందేమిటమ్మా?"

హన్నా కాగితం వైపు చూసింది. చెప్పాల్సింది ఒక్క ముక్క. చనిపోయాడా? అతను వెనక బెంచీ మీద కూర్చున్నాడు. చనిపోలేదా? మరి తను ఏడ్చింది ఎవరి కోసం? రాల్ఫ్ ఆమె వైపు చూడకుండా టోపీ అంచు తిప్పుతున్నాడు.

మ్యాటీ లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"పారిపోలేదండీ. సముద్రంలో పోయాడు. ఇరవై రెండో సంవత్సరం నవంబరు పన్నెండు, న్యూయార్క్ వదిలిన మర్నాడు. లాంజ్ కిటికీ దగ్గర నిలబడి ఉంటే కెరటం లాక్కుపోయింది. చివరి నిమిషం దాకా భార్య గురించే తలుచుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను."

గుమాస్తా అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "నీ వయసెంత?"

"ఇరవయ్యేడు."

"అంటే అప్పటికి పన్నెండేళ్ళు."

"లేదండీ. అప్పుడూ ఇరవయ్యేడే."

వెనక వరసలో ఇంకా మూడు జంటలు నిలబడి ఉన్నాయి. గుమాస్తా కలం సిరాలో ముంచి, పారిపోయాడు అన్న మాట మీద అడ్డంగా గీత గీసి, పైన ‘సముద్రంలో మృతి’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, కాగితం సంతకానికి మ్యాటీ వైపు తిప్పాడు.